కింద విండోస్ 7, పైన విండోస్ 11: పాత ల్యాప్‌టాప్‌కు తెరుచుకున్న ఫోల్డర్ కొత్తదానికి తెరుచుకోవడం లేదు

లగ్నపత్రిక (తిరుపతి, కొర్లగుంట)

అందరికీ నమస్కారం. మా ఇంటి కింది గదిలో నాన్నగారు డీటీపీ పని చేస్తారు. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, విజిటింగ్ కార్డులు. ఆ కంప్యూటర్‌లో విండోస్ 7, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల కోసం అను ఫాంట్లు ఉన్నాయి. ఇన్నేళ్లుగా వేసిన పత్రికలన్నీ అందులో ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఆ యంత్రాన్ని మార్చే ఉద్దేశం మాకు లేదు. ఆ ఫైళ్లను ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. పైగా నాన్నగారి చేతికి ఆ అమరికే అలవాటు.

పై అంతస్తులో నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. కింద తయారైన పత్రిక పైకి రావాలి, పైన సరిచేసిన ఫొటో కిందికి పోవాలి. ఇంతకుముందు నా దగ్గర విండోస్ 10 హోమ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉండేది. దానిలో కింది ఫోల్డర్ పాస్‌వర్డ్ అడగకుండానే తెరుచుకునేది. ఇప్పుడు విండోస్ 11 ప్రో ఉన్న కొత్తది కొన్నాను, వెర్షన్ 24హెచ్2. దీనిలో అదే ఫోల్డర్ తెరవబోతే, మీ సంస్థ భద్రతా నియమాలు అతిథి ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి అని చెబుతోంది. ఇది మా ఇల్లు. సంస్థ ఎక్కడిది?

మరో చిక్కు కూడా ఉంది. పై నుంచి కింది కంప్యూటర్‌కు పింగ్ (దారి ఉందో లేదో చూసే చిన్న పిలుపు) చేస్తే జవాబు వస్తోంది. కింది నుంచి పైకి చేస్తే రావడం లేదు. నెట్‌వర్క్ విండోలో ఒకదాని పేరు మరొకదానికి కనిపించదు. కింద ఫైబర్ వాళ్లు పెట్టిన రూటర్ ఉంది. పైకి సిగ్నల్ అందక నేను వేరే రూటర్ కొని, కింది నుంచి తీగ లాగి తగిలించాను. కింది కంప్యూటర్ చిరునామా 192.168.1.10. నా ల్యాప్‌టాప్‌ది 192.168.0.104.

ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి దిగడంతోనే పొద్దు గడిచిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గ్రీమ్స్‌పేట_సర్వీస్ (చిత్తూరు)

నేను కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతాను. ఇలాంటివి వారానికి ఒకటైనా వస్తాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, విండోస్ ఫీచర్ల జాబితాలో ఎస్‌ఎంబీ 1.0 అని ఉన్న చోట టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. రెండు వైపులా ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే పిలుపులను అడ్డుకునే రక్షణ) ఆపేయండి. కింది ఫోల్డర్‌కు ఎవ్రీవన్ పేరు మీద ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. పని అయిపోతుంది.

రేణిగుంట_రాత్రిబండి

ఫైర్‌వాల్ ఆపేస్తే ఇంటర్నెట్ నుంచి ఎవరైనా లోపలికి వచ్చేయరా? నాకూ ఇదే సందేహం ఉంది, అందుకే అడుగుతున్నాను.

నీవానది (చిత్తూరు)

లగ్నపత్రిక గారూ, దయచేసి ఆ మూడింటిలో ఒక్కటీ చేయకండి. గ్రీమ్స్‌పేట అన్న మంచి మనసుతోనే చెప్పారు, అందులో అనుమానం లేదు. కానీ ఈ సలహా ఊరంతా తిరుగుతోంది. దాని వెనక ఏముందో ఒకసారి వివరంగా చెప్పాలి.

మొదట ఎస్‌ఎంబీ 1 సంగతి. విండోస్ కంప్యూటర్లు ఫోల్డర్లు పంచుకోవడానికి మాట్లాడుకునే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. దాని తొలి రూపం 1980ల నాటిది. విండోస్ ఎక్స్‌పీకి ఆ తొలి రూపం ఒక్కటే తెలుసు. విస్టాతో రెండో రూపం వచ్చింది. విండోస్ 7 వచ్చేసరికి అది 2.1 అయింది. అంటే మీ కింది కంప్యూటర్‌కు ఎస్‌ఎంబీ 1 అవసరమే లేదు. అది కొత్త పద్ధతిలోనే మీ విండోస్ 11తో మాట్లాడగలదు. అవసరం లేనిదాన్ని ఎందుకు తెరిచి పెట్టాలి?

తెరిస్తే ఏమవుతుందో మన జిల్లాకు తెలుసు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఈ ఎస్‌ఎంబీ 1లోని లోపం పట్టుకునే. ఒక యంత్రంలో దూరితే చాలు, ఎవరూ ఏదీ నొక్కకుండానే అదే నెట్‌వర్క్‌లోని పక్క యంత్రానికి తానే వెళ్లేది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగేది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లకే అది తగిలింది. అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లా కూడా ఆ జాబితాలో ఉంది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మరమ్మతు అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చిలో విడుదల చేసింది. వేసుకోని యంత్రాలు దొరికిపోయాయి. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి ఎస్‌ఎంబీ 1ను ముందుగా వేసి ఇవ్వడం మానేశారు. మనం వెళ్లి మళ్లీ టిక్ పెట్టడమంటే వాళ్లు మూసిన తలుపును మన చేత్తో మనమే తెరవడం.

రేణిగుంట గారి ప్రశ్నకు జవాబు: బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా రావడాన్ని చాలా వరకు రూటరే ఆపుతుంది. ప్రమాదం లోపలి నుంచి. పెన్‌డ్రైవ్ మీద ఎవరో కస్టమర్ తెచ్చిన వైరస్ ఒక యంత్రంలో దిగితే, ఫైర్‌వాల్ లేని పక్క యంత్రంలోకి అది అడ్డూ ఆపూ లేకుండా పోతుంది. డీటీపీ సెంటర్‌కు రోజూ ఎందరి పెన్‌డ్రైవ్‌లు వస్తాయో లగ్నపత్రిక గారికి నేను చెప్పనక్కర్లేదు. షేరింగ్ కోసం ఫైర్‌వాల్ మొత్తం ఆపాల్సిన పని లేదు. అందులో ఫైల్ షేరింగ్‌కు వేరే నియమాలు సిద్ధంగా ఉంటాయి. నెట్‌వర్క్‌ను ప్రైవేట్ అని గుర్తించి షేరింగ్ ఆన్ చేస్తే విండోస్ వాటిని తానే తెరుస్తుంది. కావలసింది ప్రధానంగా 445 అనే పోర్టు (నెట్‌వర్క్‌లో అంకెతో గుర్తించే ద్వారం) ఒక్కటే.

లగ్నపత్రిక

కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల మాట నిజం. నాన్నగారి కంప్యూటర్‌లో అలా ఒకసారి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి కూడా. అయితే మరి పాత ల్యాప్‌టాప్‌కు తెరుచుకున్నది దీనికి ఎందుకు తెరుచుకోదు? కింద మేము ఏదీ మార్చలేదు.

స్వర్ణముఖి_తీరం (చంద్రగిరి)

ఈ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. మీకు ఉన్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు. రెంటినీ కలిపి చూస్తే తల తిరుగుతుంది. ఫోల్డర్ తెరుచుకోకపోవడం ఒకటి. కింది నుంచి పైకి దారి లేకపోవడం ఇంకొకటి. పింగ్ వస్తోంది కాబట్టి పై నుంచి కిందికి దారి ఉంది. ఆ సందేశం వస్తోంది కాబట్టి కింది కంప్యూటర్ పలికింది కూడా. దారే లేకపోతే 80070035 అనే ఎర్రర్ వచ్చి, నెట్‌వర్క్ చిరునామా దొరకలేదని చెప్పేది. మీకు వచ్చింది అది కాదు. అందుకని మొదటిదాని కోసం తీగలు, రూటర్ల జోలికి పోకండి.

కింది కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ రక్షణ లేని షేరింగ్ పెట్టుకున్నారు. అప్పుడు విండోస్ 7 ఏం చేస్తుందంటే, తనకు తెలియని వాళ్లు ఎవరు వచ్చినా గెస్ట్ (అతిథి) ఖాతా కింద లోపలికి రానిస్తుంది. విండోస్ 10 హోమ్ ఆ ఏర్పాటుకు ఒప్పుకునేది. 2024 చివర్లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో ప్రో ఎడిషన్ దీనికి ఒప్పుకోదు. గెస్ట్‌గా చేరడాన్ని అది తన వైపు నుంచే తిరస్కరిస్తుంది. అంతేకాదు, వచ్చే పోయే ప్రతి మాట మీదా డిజిటల్ సంతకం ఉండాలని పట్టుబడుతుంది. సంతకం చేయడానికి పాస్‌వర్డ్ నుంచి పుట్టిన తాళంచెవి కావాలి. గెస్ట్‌కు పాస్‌వర్డే లేదు కాబట్టి సంతకమూ లేదు. అడ్డం పడుతున్నది మీ కొత్త ల్యాప్‌టాప్, కింది కంప్యూటర్ కాదు. సంస్థ అనే మాట ఆఫీసుల కోసం రాసిన సందేశంలోది, ఇళ్లలోనూ అదే కనిపిస్తుంది. దాన్ని పట్టించుకోకండి.

కొత్త ల్యాప్‌టాప్‌లో గెస్ట్ ప్రవేశాన్ని మళ్లీ అనుమతించే సెట్టింగ్ ఉంది, సంతకం అక్కర్లేదని చెప్పే సెట్టింగూ ఉంది. రెండూ మార్చితే తెరుచుకుంటుంది. నేను మాత్రం అలా చేయమని చెప్పను. కింది కంప్యూటర్‌లో ఒక ఖాతా సృష్టిస్తే పోయేదానికి ఆ రక్షణ తీసేయడం ఎందుకు? విండోస్ 7కు సంతకం చేయడం వచ్చు. ఎవరి తరఫున చేయాలో దానికి తెలియాలి, అంతే.

కింద కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ ఖాతాల దగ్గరికి వెళ్లి కొత్త స్టాండర్డ్ ఖాతా సృష్టించండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా చిన్నగా పెట్టండి. పాస్‌వర్డ్ తప్పనిసరి. పాస్‌వర్డ్ లేని ఖాతాతో నెట్‌వర్క్ మీదుగా రావడాన్ని విండోస్ మామూలుగా ఒప్పుకోదు. తరువాత నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లో పాస్‌వర్డ్ రక్షణ ఉన్న షేరింగ్‌ను ఆన్ చేయండి. ఫోల్డర్‌ను ఆ ఖాతాకు షేర్ చేయండి.

ఇక పైకి వచ్చి, ఫోల్డర్ విండో అడ్రస్ పట్టీలో \\192.168.1.10 అని కొట్టి ఎంటర్ నొక్కండి. పేరు అడుగుతుంది. కింది కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఆ వెంటనే కొత్త ఖాతా పేరు ఇవ్వండి. అలా రాయకపోతే మీ ల్యాప్‌టాప్ తన ఖాతాల్లోనే ఆ పేరు వెతుక్కోవచ్చు. పేరు అడగకుండానే పాత సందేశం వస్తే, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, 192.168.1.10 పేరు మీద దాచుకున్నది ఏదైనా ఉంటే తీసేసి, ల్యాప్‌టాప్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి.

లగ్నపత్రిక

స్వర్ణముఖి గారూ, తెరుచుకుంది! క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత ఎంట్రీ ఒకటి ఉంది. అది తీసేశాక పేరు అడిగింది, ఇచ్చాను, ఫైళ్లన్నీ కనిపించాయి. నాన్నగారు తన ఖాతాకు పాస్‌వర్డ్ పెట్టుకోనని గట్టిగా చెప్పారు. పొద్దున్నే దీపం పెట్టి కంప్యూటర్ ఆన్ చేయగానే పేజ్‌మేకర్ కనిపించాలి ఆయనకు. వేరే ఖాతా అనేసరికి సరే అన్నారు. ఇప్పుడు మొదటి తెర మీద రెండు పేర్లు వస్తున్నాయి, తన పేరు నొక్కి లోపలికి వెళ్తున్నారు.

ఇంకో అడ్డు మిగిలింది. పై నుంచి ఫైళ్లు చూడగలను, కాపీ చేసుకోగలను. తిరిగి అక్కడ సేవ్ చేయబోతే అనుమతి లేదంటోంది. ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ చూశాను. కొత్త ఖాతాకు మాడిఫై టిక్ ఉంది.

స్వర్ణముఖి_తీరం

అక్కడ ఉంటే చాలదు. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్లకు తనిఖీ రెండు చోట్ల జరుగుతుంది. అలిపిరి దగ్గర బండి తనిఖీ అయినా, కొండ మీద క్యూ కాంప్లెక్సులో మళ్లీ టికెట్ చూపించాల్సిందే కదా. ఒకచోట సరిపోయిందని రెండోచోట వదిలిపెట్టరు. ఇక్కడ మొదటి తనిఖీ షేర్ అనుమతి, రెండోది ఫోల్డర్ అనుమతి. రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్ ద్వారా షేర్ చేస్తే విండోస్ మొదట ఇచ్చేది ఎవ్రీవన్‌కు చదవడం మాత్రమే. మీకు సరిగ్గా అదే జరిగింది.

ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్, అందులో అడ్వాన్స్‌డ్ షేరింగ్, అందులో పర్మిషన్స్. అక్కడ ఎవ్రీవన్‌ను తీసేసి కొత్త ఖాతాను చేర్చి, ఛేంజ్ అన్నదానికి టిక్ పెట్టండి. ఫుల్ కంట్రోల్ అక్కర్లేదు. దానితో అనుమతులను కూడా మార్చేసే అధికారం వస్తుంది, ఫైళ్లు రాయడానికి దాని అవసరం లేదు.

ఒక జాగ్రత్త. డ్రైవ్ మొత్తాన్ని షేర్ చేయకండి. కొందరు డి డ్రైవ్‌నే షేర్ చేసి పడేస్తారు. పత్రికల ఫోల్డర్ ఒక్కటి చాలు.

లగ్నపత్రిక

సేవ్ అవుతోంది. చాలా చాలా కృతజ్ఞతలు.

గ్రీమ్స్‌పేట_సర్వీస్

బాగుంది, సంతోషం. నీవానది గారు చెప్పినది నేను కాదనను. కానీ నా దగ్గరకు వచ్చే వాళ్లలో చాలామందికి ఎక్స్‌పీ యంత్రాలే ఉన్నాయి. దర్గా సర్కిల్ వైపు స్టిక్కర్ కటింగ్ చేసే షాపు ఒకటి ఉంది. ఆ కటింగ్ మెషీన్ డ్రైవర్ ఎక్స్‌పీలో తప్ప పని చేయదు. మెషీన్ మార్చాలంటే పెద్ద ఖర్చు. డిజైన్ కొత్త కంప్యూటర్‌లో చేస్తారు, కత్తిరించడం పాతదానిలో. అక్కడ ఎస్‌ఎంబీ 1 లేకుండా ఎలా? విండోస్ 7 వాళ్లకు మీ పద్ధతే చెబుతాను. ఎక్స్‌పీ వాళ్లకు ఏం చెప్పాలి?

పుంగనూరు_పెంగ్విన్

ఆ పరిస్థితికి మధ్యలో లినక్స్ యంత్రం ఒకటి పెట్టడం మేలు. పనికిరాదని మూల పడేసిన పాత కంప్యూటర్ అయినా చాలు, దానిలో లినక్స్ మింట్ వేసి సాంబా అమర్చండి. విండోస్ షేరింగ్ భాషను లినక్స్‌కు నేర్పిన ప్రోగ్రామే సాంబా. ఆండ్రూ ట్రిడ్జెల్ ఆస్ట్రేలియాలో 1990ల మొదట్లో మొదలుపెట్టారు. ఉచితం. ఇప్పటి సాంబాలోనూ ఎస్‌ఎంబీ 1 మొదట ఆపి ఉంటుంది. 2019లో వచ్చిన 4.11 నుంచి అంతే. దానిని ఆ ఒక్క పెట్టెలో తెరిస్తే ఎక్స్‌పీ దానితో మాట్లాడుతుంది. కొత్త కంప్యూటర్లు అదే పెట్టెతో కొత్త పద్ధతిలో మాట్లాడతాయి. పనికి వాడే కొత్త యంత్రాల్లో ఎక్కడా పాత పద్ధతి తెరవక్కర్లేదు. ఎక్స్‌పీకి ఇంటర్నెట్ పూర్తిగా తీసేయండి. ఆ పెట్టెలో కటింగ్‌కు పోయే ఫైళ్లు తప్ప ఇంకేమీ పెట్టకండి, పోయినా నష్టం లేనివే ఉండాలి.

లినక్స్‌లో కొత్తవాళ్లు ఆగిపోయే చోటు ఒకటుంది. లినక్స్ ఖాతా పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు. ఖాతా ఉంది కదా అని అదే పాస్‌వర్డ్ ఇస్తే రానివ్వదు. సాంబాకు విడిగా ఒకసారి పాస్‌వర్డ్ పెట్టాలి.

గ్రీమ్స్‌పేట_సర్వీస్

ఈ ఆలోచన నచ్చింది. షాపులో పాత క్యాబినెట్లు చాలా ఉన్నాయి. ఆ స్టిక్కర్ షాపుకే ముందు చేసి చూస్తాను.

లగ్నపత్రిక

ఇక రెండో ఇబ్బంది. ఒక్కోసారి నాన్నగారు కింది నుంచి నా ల్యాప్‌టాప్‌లోని ఫొటోల ఫోల్డర్ చూడాలంటారు. ఆ వైపు నుంచి ఇప్పటికీ ఏమీ లేదు. స్వర్ణముఖి గారు దారి లేదన్నారు. పై నుంచి కిందికి దారి ఉన్నప్పుడు కింది నుంచి పైకి ఎందుకు ఉండదు? తీగ ఒకటే కదా!

తలకోన (తిరుపతి, ఎం.ఆర్.పల్లె)

ఇది నాకు ఇష్టమైన విషయం. నేను ఇళ్లకు, హాస్టళ్లకు నెట్‌వర్క్ తీగలు వేస్తుంటాను. తిరుపతిలో అద్దె గదులున్న ప్రతి మేడలోనూ కనిపించే చిక్కే ఇది.

మీ చిరునామాలు చూడండి. కింద 192.168.1, పైన 192.168.0. మూడో అంకె వేరు. అంటే మీ ఇంట్లో ఉన్నది ఒక నెట్‌వర్క్ కాదు, రెండు. పై రూటర్ తన వెనక ఉన్నవాటన్నిటినీ దాచిపెట్టి, బయటికి తన ఒక్క చిరునామానే చూపిస్తుంది. మీరు పై నుంచి కిందికి ఏదైనా పంపితే రూటర్ తన పేరు మీద పంపి, వచ్చిన జవాబును గుర్తుంచుకుని మీకు అందిస్తుంది. అందుకే పింగ్ వచ్చింది, ఫోల్డర్ కూడా తెరుచుకుంది. కింది నుంచి ఎవరైనా పిలుపు మొదలుపెడితే అది ఎవరి కోసమో పై రూటర్‌కు తెలియదు. అక్కడే ఆపేస్తుంది. పేర్లు కనిపించకపోవడానికీ కారణం ఇదే. నేనిక్కడ ఉన్నానని కంప్యూటర్లు వేసే కేక రూటర్ దాటి పోదు.

పై రూటర్‌ను రూటర్‌గా కాకుండా వైఫై అందించే పెట్టెగా మాత్రమే వాడితే సరిపోతుంది. దాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది ఎంచుకుని సేవ్ చేయండి. అంతటితో అయిపోతుంది. లేకపోతే చేత్తో చేయాలి, వరుస తప్పకూడదు. ముందు కింది నుంచి వచ్చే తీగను పై రూటర్ నుంచి పీకేయండి. అది ఉండగా చిరునామా మార్చితే రెండు వైపులా ఒకే నెట్‌వర్క్ కనిపించి రూటర్ ఒప్పుకోకపోవచ్చు. ల్యాప్‌టాప్‌తో పై రూటర్‌లోకి వెళ్లి దాని సొంత చిరునామాను 192.168.1.2గా మార్చండి. కింది రూటర్ అందరికీ పంచే చిరునామాల వరుసలో 2 కూడా ఉంటే, ఆ వరుసకు బయట ఉన్న మరొకటి ఎంచుకోండి. సేవ్ చేశాక కొత్త చిరునామాతో మళ్లీ లోపలికి వెళ్లి, అప్పుడు డీహెచ్‌సీపీ ఆపండి. చిరునామాలు పంచే పని ఇంట్లో ఒక్కరే చేయాలి, అది కింది రూటర్ చేస్తుంది. చివరగా కింది తీగను ఇంతకుముందు ఉన్న వాన్ పోర్టులో (బయటి కనెక్షన్ కోసం విడిగా ఉండే రంధ్రం) కాకుండా, ఒకే రంగులో వరుసగా ఉండే లాన్ పోర్టుల్లో ఒకదానిలో పెట్టండి. ఈ చివరి మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు. సెట్టింగ్స్ అన్నీ సరిగా చేసి తీగను పాత రంధ్రంలోనే వదిలేస్తారు.

తరువాత మీ ల్యాప్‌టాప్‌కు 192.168.1తో మొదలయ్యే చిరునామా రావాలి. 169.254తో మొదలైతే కింది రూటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. తీగ చూడండి.

ఫైబర్ రూటర్‌లో గెస్ట్ వైఫై అని మరో పేరు కనిపిస్తే షేరింగ్ కావలసిన యంత్రాలను దానికి కలపకండి. అతిథులను ఒకరికొకరు కనిపించకుండా విడదీయడమే దాని పని.

స్వర్ణముఖి_తీరం

తలకోన గారు చెప్పినది అయ్యాక, విండోస్ 11 దీన్ని కొత్త నెట్‌వర్క్‌గా గుర్తించి పబ్లిక్ అని రాసుకుంటుంది. సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు నొక్కి ప్రైవేట్‌గా మార్చండి. పబ్లిక్‌గా ఉన్నంతసేపు ల్యాప్‌టాప్ తనను తాను దాచుకుంటుంది. బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో అదే మంచిది, ఇంట్లో కాదు.

ల్యాప్‌టాప్ ఫోల్డర్ షేర్ చేసేటప్పుడు అక్కడా నెట్‌వర్క్ కోసం వేరే లోకల్ ఖాతా పెట్టండి. మీరు రోజూ లోపలికి వెళ్లే నాలుగంకెల పిన్ ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది. నాన్నగారు కింది నుంచి ఆ పిన్ ఎన్నిసార్లు కొట్టినా చెల్లదు. చాలా ఇళ్లలో పాస్‌వర్డ్ సరిగానే ఇస్తున్నాం కదా అని గొడవపడేది ఇక్కడే.

రేణిగుంట_రాత్రిబండి

పిన్! నా ఇబ్బంది అదే. అన్నీ సరిగా ఉన్నాయి, పిన్ ఇస్తున్నాను. ఇప్పుడే వెళ్లి చూస్తాను.

లగ్నపత్రిక

యాక్సెస్ పాయింట్ మోడ్ మా రూటర్‌లో లేదు, చేత్తోనే చేశాను. ఇప్పుడు ల్యాప్‌టాప్ 192.168.1.23. ప్రైవేట్‌గా మార్చాక కింది నుంచి పింగ్ వచ్చింది, ఫొటోల ఫోల్డర్ కూడా తెరుచుకుంది. నాన్నగారు తన కుర్చీలోనే కూర్చుని పెళ్లికూతురి ఫొటో పత్రికలో పెట్టుకున్నారు.

మరో మాట అడుగుతాను. పెద్ద పెళ్లి ఫొటోలు 40 జీబీ దాకా ఉంటాయి. వైఫై మీద ఆలస్యమవుతుందని ల్యాప్‌టాప్‌ను పై రూటర్‌కు తీగతో కలిపి కాపీ చేశాను. అయినా సెకనుకు 11 ఎంబీ దగ్గర ఆగిపోతోంది, గంట పట్టింది. రెండు యంత్రాల్లోనూ నెట్‌వర్క్ కార్డు గిగాబిట్ అని రాసి ఉంది.

తలకోన

11 అన్నది యాదృచ్ఛికంగా వచ్చే అంకె కాదు. సెకనుకు 100 మెగాబిట్ల వేగంలో ఫైళ్లు పోయేది సరిగ్గా అంతే, 11 లేదా 12 ఎంబీ. గిగాబిట్ అయితే 110 దాకా పోవాలి. అంటే దారిలో ఎక్కడో ఒకచోట 100 దగ్గర బిగుసుకుంది. ముందు పై రూటర్ పెట్టె మీద చూడండి. తక్కువ ధర రూటర్లలో చాలావాటికి తీగ పోర్టులు 100 మెగాబిట్లవే ఉంటాయి, వైఫై 300 అని పెద్దగా రాసినా సరే.

అది గిగాబిట్ అయితే తీగనే అనుమానించాలి. లోపల ఎనిమిది సన్నని తీగలు, నాలుగు జంటలు. 100 మెగాబిట్లకు 1, 2, 3, 6 స్థానాల్లోని నాలుగు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒకటి తెగితే చాలాసార్లు కనెక్షన్ పోదు, చప్పుడు లేకుండా 100కు దిగిపోతుంది. అందుకే ఎవరికీ తెలియదు. తీగ చివర ఉండే క్లిప్ పారదర్శకంగానే ఉంటుంది. తీగ మీ వైపు, లాకు పుల్ల కింది వైపు ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి రంగులు చదవండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే వరుస ఉండాలి. నీలం, గోధుమ జంటలను బయటికి కత్తిరించి వదిలేసిన క్లిప్పులు నేను బోలెడు చూశాను.

తీగ గోడ బయట ఎండలో ఉందా? మన ఎండలకు మామూలు తీగ పైతొడుగు పగుళ్లు తీస్తుంది. వానాకాలంలో ఆ పగుళ్లలోంచి నీరు దిగి లోపలి రాగి పచ్చబడుతుంది. పీవీసీ పైపులో వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది.

పుంగనూరు_పెంగ్విన్

అందరూ దారి గురించి చెప్పారు. వాడే పద్ధతి గురించి నాదొక మాట. పేజ్‌మేకర్ ఫైలును పై నుంచి నెట్‌వర్క్ మీదుగా నేరుగా తెరిచి పని చేయకండి. సేవ్ అవుతుండగా వైఫై ఒక్క క్షణం పోయినా, కరెంటు పోయి రూటర్ ఆగినా ఆ ఫైలు సగంలో పాడవుతుంది. కాపీ చేసుకుని మీ దగ్గర పని చేసి, పూర్తయ్యాక తిరిగి పెట్టండి. ఒకే పత్రికను ఇద్దరూ ఒకేసారి ముట్టుకోకుండా, పని నడుస్తున్నవాటిని వేరే ఫోల్డర్‌లోకి జరపడం మంచి అలవాటు.

పేజ్‌మేకర్ పత్రికలో పెట్టిన ఫొటో ఎక్కడుందో దారిని గుర్తుపెట్టుకుంటుంది. మీ ల్యాప్‌టాప్ ఫోల్డర్ నుంచి నేరుగా పెట్టిన ఫొటో, మీరు ల్యాప్‌టాప్ తీసుకుని బయటికి వెళ్లిన రోజున నాన్నగారికి దొరకదు. ఫొటోను ముందు కింది కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, అప్పుడు పత్రికలో పెట్టమనండి.

నీవానది

ఇంకో రెండు పనులు మిగిలాయి. అవి చేసేదాకా నాకు మనసు ఒప్పదు.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ భద్రతా మరమ్మతులు ఇవ్వడం 2020 జనవరి 14తో ఆపేసింది. ఆ యంత్రం మీకు కావాలి, అది అర్థమైంది. కానీ దానికి ఇంటర్నెట్ కావాలా? పేజ్‌మేకర్‌కు అక్కర్లేదు. చాలా రూటర్లలో పేరెంటల్ కంట్రోల్ అనే చోట ఒక యంత్రానికి మాత్రం ఇంటర్నెట్ ఆపవచ్చు. ఇంట్లోని యంత్రాల మధ్య షేరింగ్ మామూలుగానే నడుస్తుంది. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, మెయిల్‌లో వచ్చే మ్యాటరు మీ ల్యాప్‌టాప్‌లో దించుకుని ఫోల్డర్ ద్వారా కిందికి పంపండి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు కూడా ముందు విండోస్ 11లోనే పెట్టి, వైరస్ తనిఖీ అయ్యాకే ఫైళ్లు కిందికి పోనివ్వండి.

రెండోది, షేర్ చేసిన ఫోల్డర్ బ్యాకప్ కాదు. ఆ ఫోల్డర్‌లో రాయడానికి మీ ల్యాప్‌టాప్‌కు అనుమతి ఉంది. అంటే మీ ల్యాప్‌టాప్‌లో దూరిన వైరస్‌కూ ఉంది. ఇన్నేళ్ల పత్రికలన్నీ ఒక్క పాత హార్డ్‌డిస్క్ మీద ఉన్నాయని చదివినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి కొని కాపీ తీసి, వెంటనే తీగ పీకి బీరువాలో పెట్టండి. కలిపే ఉంచిన డిస్క్‌ను వైరస్ వదలదు. వారానికి ఒక రోజు పెట్టుకోండి, మరిచిపోకుండా ఉంటారు.

లగ్నపత్రిక

పై రూటర్ పోర్టులు గిగాబిట్‌వే. తీగ కింది చివర క్లిప్ చూస్తే గోధుమ జంట లోపలిదాకా పోలేదు. క్లిప్ మార్పించాను. ఇప్పుడు కాపీ 80, 90 మధ్య నడుస్తోంది. కింది డిస్క్ పాతది కాబట్టి అంతకు మించి రాదేమో.

ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చాను, మొదటి కాపీ ఇప్పుడు నడుస్తోంది. నాన్నగారు శుక్రవారం సాయంత్రం అని క్యాలెండర్‌లో రాసుకున్నారు. రూటర్‌లో కింది కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఆపాను, షేరింగ్ చెక్కుచెదరలేదు. కింది కంప్యూటర్‌కు 192.168.1.10 ఎప్పటికీ అదే ఉంటుందా, లేక మారుతుందా?

స్వర్ణముఖి_తీరం

ఇప్పటిలా వదిలేస్తే మారవచ్చు. కింది రూటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట ఆ కంప్యూటర్‌ను ఎంచుకుని 192.168.1.10ను దానికే కేటాయించండి. ఆ తరువాత మీ ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్‌ను ఒక డ్రైవ్ అక్షరంతో మ్యాప్ చేసుకోండి, అంటే మరో డ్రైవ్‌లా కనిపించేలా పెట్టుకోండి. నెట్‌వర్క్ విండోలో పేరు కనిపించినా కనిపించకపోయినా అది తెరుచుకుంటుంది.

రేణిగుంట_రాత్రిబండి

నాది పిన్ సమస్యే. వేరే ఖాతా పెట్టాను, తెరుచుకుంది. అందరికీ కృతజ్ఞతలు.